రిపోర్టు అమ్మదే నయం, రోజులు నాన్నగారివే నయం: గుండె జబ్బులో ఈ తేడా ఎందుకు?

ప్రశ్న

మా నాన్నగారికి గుండెపోటు వచ్చి స్టెంట్లు వేశారు. ఎకోలో ఆయన ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనలో గుండె బయటికి పంపే రక్తం శాతం) 40 శాతం ఉంది. అమ్మకు చాలాకాలంగా ఛాతీలో బరువు, మెట్లెక్కితే ఆయాసం ఉన్నాయి. అయితే యాంజియోగ్రామ్‌లో పెద్ద రక్తనాళాల్లో అడ్డంకులేవీ కనిపించలేదు, ఎజెక్షన్ ఫ్రాక్షన్ కూడా 60 శాతం వచ్చింది. కాగితం మీద అమ్మ గుండె ఎంతో మెరుగు. రోజులు గడిచే తీరు మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. నాన్నగారు క్రమం తప్పకుండా నడుస్తున్నారు, స్నేహితులను కలుస్తున్నారు, హాయిగా నిద్రపోతున్నారు. అమ్మ బయటికి వెళ్ళడం దాదాపు మానేసింది, రాత్రిళ్ళు నొప్పి వస్తుందేమోనన్న భయంతో మేలుకునే ఉంటుంది, ఎవరైనా అడిగితే మాత్రం బాగానే ఉన్నానంటుంది.

గుండె జబ్బుతో జీవిస్తున్న స్త్రీల జీవన నాణ్యత పురుషులకంటే తక్కువగా ఉంటుందని చదివాను. అది జబ్బు స్వభావంలోనే ఉన్న తేడానా, వయసు, ఇతర రుగ్మతల ప్రభావమా, లేక చికిత్స అందే తీరులో ఉన్న లోపమా? అసలు జీవన నాణ్యతను ఎలా కొలుస్తారు? అమ్మ విషయంలో డాక్టరు గారిని ఏమని అడగాలి?

జవాబు: హృద్రోగ పునరావాస విభాగంలో పనిచేసే నర్సు

మీరు గమనించిన వైరుధ్యం మా విభాగంలో తరచుగా కనిపించేదే. ముందు కొలత సంగతి చెబుతాను. జీవన నాణ్యతను రోగి నోటి మాటతోనే కొలుస్తారు, దానికి పరీక్షించి సిద్ధం చేసిన ప్రశ్నావళులు ఉన్నాయి. ఎస్‌ఎఫ్-36 వంటివి ఏ జబ్బుకైనా వాడే సాధారణ ప్రశ్నావళులు. అందులోని 36 ప్రశ్నలు శారీరక సామర్థ్యం, నొప్పి, ఉత్సాహం, మానసిక స్థితి వంటి ఎనిమిది పార్శ్వాలను తడుముతాయి. గుండెకు ప్రత్యేకించినవి వేరే ఉన్నాయి. యాంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి ఉన్నవారికి సియాటిల్ యాంజైనా ప్రశ్నావళి, గుండె వైఫల్యం ఉన్నవారికి కాన్సాస్ సిటీ ప్రశ్నావళి వాడతారు. రెండింటిలోనూ మార్కులు 0 నుంచి 100 వరకు ఉంటాయి, ఎక్కువ వస్తే మంచిది. కాన్సాస్ సిటీ ప్రశ్నావళిలో 5 మార్కుల మార్పు వచ్చినా రోగికి ఆ తేడా తెలుస్తుందని పరిగణిస్తారు. 21 ప్రశ్నల మిన్నెసోటా ప్రశ్నావళిలో మాత్రం లెక్క తిరగబడుతుంది: గరిష్ఠం 105, మార్కులు పెరిగేకొద్దీ పరిస్థితి అధ్వానమని అర్థం.

ఎజెక్షన్ ఫ్రాక్షన్‌కూ ఈ మార్కులకూ ఉన్న సంబంధం చాలా బలహీనమైనది. గుండె ఒక్కో స్పందనలో తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి పంపుతోందో మాత్రమే ఆ సంఖ్య చెబుతుంది. మెట్లెక్కేటప్పుడు గుండెలో పెరిగే ఒత్తిడి గురించీ, కండరాల బలం, రక్తహీనత, నిద్రలేమి, భయం గురించీ అది ఏమీ చెప్పదు. పైగా ఎజెక్షన్ ఫ్రాక్షన్ మామూలుగా ఉండగానే వచ్చే గుండె వైఫల్యం ఒకటుంది, అది స్త్రీలలోనే ఎక్కువ. కాబట్టి మెట్ల మీద ఆయాసం ఉన్న మనిషికి 60 శాతం అన్న అంకెను సమాధానంగా చూపి పంపించడం నాకు సమ్మతం కాదు.

ఇక స్త్రీ పురుషుల తేడా. స్త్రీలకు కరోనరీ జబ్బు (గుండెకు రక్తం తెచ్చే నాళాల జబ్బు) సగటున ఏడు నుంచి పదేళ్ళు ఆలస్యంగా బయటపడుతుంది, అప్పటికే మధుమేహం, అధిక రక్తపోటు, కీళ్ళ నొప్పులు తోడై ఉంటాయి. వీటిని లెక్కలోకి తీసుకుంటే తేడా కొంత తగ్గుతుంది. అయితే వయసు ఒక్కటే కారణమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు: 18 నుంచి 55 ఏళ్ళ మధ్య గుండెపోటు వచ్చినవారిని పరిశీలించిన విర్గో అధ్యయనంలోనూ స్త్రీల ఆరోగ్య స్థితి, మానసిక ఒత్తిడి పురుషులకంటే అధ్వానంగానే కనిపించాయి. కుంగుబాటు కూడా స్త్రీలలో ఎక్కువ. తీవ్రమైన కరోనరీ జబ్బు తర్వాత కుంగుబాటు ఉంటే భవిష్యత్తు దెబ్బతింటుందని, దాన్ని ప్రమాద కారకంగా గుర్తించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో సిఫారసు చేసింది.

జవాబు: సూక్ష్మ రక్తనాళాల యాంజైనాతో జీవిస్తున్న ఒక మహిళ

మీ అమ్మగారి సంగతి చదువుతుంటే నా గురించే చదువుతున్నట్టుంది. యాంజియోగ్రామ్‌లో కనిపించేవి గుండెకు రక్తం తెచ్చే చెట్టులో మాను, పెద్ద కొమ్మలు మాత్రమే. అర మిల్లీమీటరుకంటే సన్నని నాళాలు అందులో కనిపించవు. అవి అవసరానికి తగ్గట్టు విచ్చుకోకపోయినా, పెద్ద నాళాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, అడ్డంకి లేకుండానే నొప్పి వస్తుంది. ఇలాంటి రోగుల్లో స్త్రీలే ఎక్కువ. స్త్రీల గుండె జబ్బుపై 1996లో మొదలైన వైజ్ అధ్యయనం ఈ జబ్బును గట్టిగా వెలుగులోకి తెచ్చింది. అడ్డంకులు లేవని తేలినవారికి ప్రమాదం కూడా లేదనుకోరాదని మనకు తెలిసింది ఇలాంటి అధ్యయనాల వల్లనే.

2018లో వెలువడిన కార్‌మికా పరిశోధన గురించి డాక్టరు గారితో తప్పక మాట్లాడండి. అందులో యాంజియోగ్రామ్ సమయంలోనే సన్నని తీగతో, మందులతో సూక్ష్మనాళాల పనితీరును, నాళాలు బిగుసుకునే స్వభావాన్ని పరీక్షించి, ఫలితాన్ని బట్టి మందులు నిర్ణయించారు. అలా చికిత్స పొందినవారిలో నొప్పి తగ్గింది, జీవన నాణ్యత పెరిగింది. అక్కడ కొలిచింది కూడా పైన నర్సు గారు చెప్పిన సియాటిల్ ప్రశ్నావళితోనే.

నా అనుభవంలో నొప్పికంటే ఎక్కువ కుంగదీసినది, మీకేమీ లేదని చెప్పించుకుని ఇంటికి రావడం. జబ్బు ఫలానా అని తేలాక నా నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఏ పని చేస్తే వస్తుందో, ఏ మాత్రతో తగ్గుతుందో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో తెలిసిన తర్వాత నిద్ర పట్టడం మొదలైంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు వచ్చే కొత్త నొప్పిని గానీ, నాలుక కింద మాత్ర పెట్టుకున్నా ఐదు నిమిషాల్లో తగ్గని నొప్పిని గానీ, యాంజియోగ్రామ్ బాగుందన్న ధైర్యంతో ఇంట్లోనే భరించనివ్వకండి.

జవాబు: గుండెపోటు తర్వాత గుండె వైఫల్యంతో ఉన్న ఒక పురుషుడు

పై జవాబులతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. పురుషుల మార్కులు మెరుగ్గా ఉన్నంత మాత్రాన వారి జీవితం మెరుగ్గా ఉందని తేల్చేయకూడదు. ప్రశ్నావళి పట్టుకునేది మనం ఒప్పుకున్నదాన్నే, భయాన్ని ఒప్పుకోవడం మాలో చాలామందికి చేతకాదు. మళ్ళీ ఉద్యోగానికి పనికివస్తామా, బరువులెత్తవచ్చా, దాంపత్య జీవితం సంగతేమిటి అన్న ప్రశ్నలను మందుల చీటీతో పాటు మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతాం.

చివరి ప్రశ్న గురించి కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు. జబ్బు నిలకడగా ఉన్నవారికి శృంగారం వల్ల గుండె మీద పడే శ్రమ, సుమారుగా రెండంతస్తుల మెట్లు చురుగ్గా ఎక్కినంత. నొప్పి, ఆయాసం లేకుండా అంత శ్రమ చేయగలిగినవారు సాధారణంగా భయపడనవసరం లేదు. అయితే ఛాతీ నొప్పికి ఇచ్చే నైట్రేట్ మందులు వాడేవారు సిల్డెనాఫిల్ (వయాగ్రా) వంటి మాత్రలను ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకూడదు, రక్తపోటు ప్రాణాంతకంగా పడిపోతుంది. స్త్రీలకైతే ఈ విషయం చెప్పేవారు మరీ తక్కువ. మీ అమ్మగారికీ ఈ సందేహాలన్నీ ఉండవచ్చు, అడిగే చోటు లేక ఊరుకుని ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారిని స్టెంట్లు వేసిన తర్వాత పునరావాస కార్యక్రమానికి పంపారు, అమ్మకు ఆ మాటే ఎవరూ చెప్పలేదు. ఇంటి పనంతా చేస్తున్నాను కదా, వేరే వ్యాయామం ఎందుకని ఆమె అంటుంది. స్టెంటు, ఆపరేషన్ లేనివారిని కూడా చేర్చుకుంటారా?

జవాబు: నర్సు

చేర్చుకోవచ్చు. నిలకడగా ఉన్న యాంజైనా కూడా పునరావాసానికి అర్హమైన స్థితే. వ్యాయామంతో కూడిన ఈ కార్యక్రమాలు కరోనరీ రోగుల్లో ఆసుపత్రి చేరికలను తగ్గిస్తాయి, జీవన నాణ్యతను పెంచుతాయి. అయినా స్త్రీలను పంపడమే తక్కువ, పంపినవారిలో మధ్యలో మానేసేవారు ఎక్కువ. మీ నాన్నగారు ఇప్పుడు హాయిగా ఉండటంలో ఆ కార్యక్రమానికి పెద్ద వాటానే ఉందని నా నమ్మకం. ఇంటి పని అలసట తెస్తుంది గానీ, కొలిచి, క్రమంగా పెంచే వ్యాయామానికి అది బదులు కాదు. గుండె వేగాన్ని గమనించేవారు పక్కన ఉండగా నడిచినప్పుడే, ఈ నొప్పితో ఎంతవరకు వెళ్ళవచ్చో అమ్మగారికి నమ్మకం కలుగుతుంది.

ఇంటి వాతావరణం కూడా చిన్న విషయం కాదు. స్టాక్‌హోంలో కరోనరీ జబ్బు ఉన్న స్త్రీలపై జరిగి 2000లో వెలువడిన అధ్యయనంలో, దాంపత్యంలో తీవ్రమైన ఒత్తిడి ఉన్నవారికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం దాదాపు మూడు రెట్లు కనిపించింది. ఉద్యోగ ఒత్తిడికి అలాంటి ప్రభావం కనిపించలేదు. అదే నగరంలో 237 మంది స్త్రీలతో జరిపి 2009లో ప్రకటించిన ప్రయోగంలో, స్త్రీలకే ప్రత్యేకించిన చిన్న బృందాల్లో ఏడాది పాటు ఒత్తిడిని ఎదుర్కొనే శిక్షణ ఇచ్చారు; సుమారు ఏడేళ్ళలో మామూలు చికిత్స పొందినవారిలో 20 శాతం, శిక్షణ పొందినవారిలో 7 శాతం మరణించారు. ఇది చిన్న ప్రయోగమే. 2003లో వెలువడిన ఎన్‌రిచ్డ్ అనే పెద్ద ప్రయోగంలో కౌన్సెలింగ్ వల్ల కుంగుబాటు తగ్గింది గానీ మరణాలు, మళ్ళీ వచ్చే గుండెపోట్లు తగ్గలేదు. నా మటుకు నాకు, కుంగుబాటు తగ్గడమే చికిత్సకు తగిన ఫలితం, దానికి ఆయుర్దాయంతో సాక్ష్యం చెప్పించనవసరం లేదు.

డాక్టరు గారిని అడగవలసినవి: సూక్ష్మనాళాల పరీక్ష అవసరమా, ఆయాసానికి గుండె వైఫల్యం, రక్తహీనత, థైరాయిడ్ కారణం కావేమో చూశారా, కుంగుబాటుకు తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 చేయించవచ్చా (10 లేదా అంతకుమించి వస్తే పూర్తి పరిశీలన అవసరం), పునరావాసానికి సిఫారసు రాస్తారా. వెళ్ళేముందు రెండు వారాల పాటు నొప్పి ఎప్పుడు వచ్చిందో, ఏ పని మధ్యలో ఆగిపోయిందో అమ్మగారి చేతనే రాయించండి. ఆ కాగితాన్ని యాంజియోగ్రామ్ రిపోర్టు పైన పెట్టి డాక్టరు గారికి ఇవ్వండి.