ఐదో నెలలో అరకు వెళ్లొచ్చా, వైజాగ్‌లోనే ఆగిపోవాలా?

అందరికీ నమస్కారం. నాకిప్పుడు ఐదో నెల, మొదటి కాన్పు. ఏడో నెలలో శ్రీమంతం చేసి అమ్మావాళ్లు రాజమండ్రి తీసుకెళ్తారు. ఆలోపు మా ఆయనా నేనూ నాలుగు రోజులు ఎటైనా వెళ్లి రావాలని చాలా ఆశగా ఉంది. డాక్టరుగారు సరేనన్నారు. గంటల తరబడి ఒకేచోట కూర్చోవద్దని, నీళ్లు బాగా తాగమని చెప్పారు. అత్తయ్యగారికి మాత్రం ప్రయాణమంటేనే భయం.

హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి రాత్రి రైలే కాబట్టి ఇబ్బంది లేదు, కింది బెర్తు దొరికింది. టెన్షనంతా అక్కడి నుంచి అరకు వెళ్లడం గురించే. దాదాపు 115 కిలోమీటర్లు. కారైతే ఘాట్ రోడ్డు. మొన్నటిదాకా ఇంగువ పోపు వాసనకే సింకు దగ్గరికి పరిగెత్తినదాన్ని, ఆ మలుపులు తట్టుకోగలనా? పొద్దున కిరండూల్ రైలు ఎక్కితే కుదుపులు తక్కువంటున్నారు, కానీ నాలుగు గంటల ప్రయాణం. నాకేమో గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తోంది. అద్దాల బోగీలో అది శుభ్రంగా ఉంటుందా? మధ్యలో లేచి నడవడానికి వీలవుతుందా? బొర్రా గుహల మెట్లు ఎలాగూ దిగను, ఆ ఆశ వదిలేశాను.

కడుపుతో ఉన్నప్పుడు అరకు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. రాత్రిపూట అవసరమైతే దగ్గర్లో లేడీ డాక్టరు దొరుకుతారా? లేక రుషికొండలో గది తీసుకుని, సముద్రం చూస్తూ ఆ నాలుగు రోజులూ గడిపేయడమే మేలా? వచ్చే వారంలోపు టికెట్లు తీసుకోవాలి.