‘పొరుగింటి పుల్లకూర’ అని శీర్షిక పెట్టొచ్చా?

బెళ్లందూరు సభ్యుడు:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల ఉగాది సంచికకి వ్యాసం రాస్తున్నాను. విషయం ఓపెన్ ఇన్నోవేషన్, కార్పొరేట్ వెంచర్ క్యాపిటల్. నా ఉద్యోగం అదే కాబట్టి నన్ను పట్టుకున్నారు. పెద్ద కంపెనీలు సొంత ల్యాబుల్నే నమ్ముకోకుండా స్టార్టప్‌లతో, యూనివర్సిటీలతో కలిసి పనిచేయడం, వాటిలో డబ్బు పెట్టడం, ఇదీ సంగతి. ‘పొరుగింటి పుల్లకూర’ అని శీర్షిక పెట్టాను. అది వెక్కిరింపు సామెత, వద్దు అంటున్నారు సంపాదకురాలు. మీరేమంటారు?

జయనగర్ మాస్టారు:
ఆవిడ చెప్పింది నిజమే. ‘పొరుగింటి పుల్లకూర రుచి’ అన్నది కూరని మెచ్చుకునే మాట కాదు, తినేవాడి బుద్ధి మీద విసురు. అదే కూర ఇంట్లో ఉన్నా వాడికి ఆనదు. కంపెనీలు బయటి సరుకు మోజులో పడ్డాయని మీరు రాస్తుంటే శీర్షిక బాగుంది. బయటి నుంచి తెచ్చుకోవడం మంచిదని రాస్తుంటే మాత్రం శీర్షిక ఒక దారి, వ్యాసం ఒక దారి.

వైట్‌ఫీల్డ్ సభ్యురాలు:
అసలు పుల్లకూర అంటే గోంగూరా, చుక్కకూరా?

జయనగర్ మాస్టారు:
అమ్మా, ఆ గొడవ ఇంకో పోస్టులో పెట్టుకుందాం. ఇక్కడ మొదలైతే ఉగాది దాటిపోతుంది.

బెళ్లందూరు సభ్యుడు:
మాస్టారూ, తిండి ఉదాహరణ ఒకటి దొరకబట్టే ఆశపడ్డాను. ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్లు ప్రింగిల్స్ చిప్స్ మీద బొమ్మలు, మాటలు ముద్రించాలనుకున్నారు. ఆ పద్ధతి సొంతంగా కనిపెట్టడానికి కూర్చోకుండా బయట వెతికారు. ఇటలీలోని బొలోన్యాలో ఒక ప్రొఫెసర్ నడిపే చిన్న బేకరీ అప్పటికే కేకుల మీద, బిస్కెట్ల మీద తినే రంగులతో బొమ్మలు ముద్రిస్తోందని తెలిసింది. ఆ పద్ధతే తెచ్చుకుని 2004లో చిప్స్ మార్కెట్లోకి వదిలారు. కొత్త సరుకులో సగం బయటి ఆలోచనల నుంచి రావాలని ఆ కంపెనీ అధిపతి లాఫ్లీ అంతకు ముందే లక్ష్యం పెట్టాడు. ఇందులో మోజు లేదు, లెక్క ఉంది. అంటే నా శీర్షిక తప్పే అనిపిస్తోంది.

ఎలక్ట్రానిక్ సిటీ సభ్యుడు:
మీకు కావలసిన సామెత వేరే ఉందండీ. ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు.’

ఓపెన్ ఇన్నోవేషన్ అన్న మాటని వాడుకలోకి తెచ్చింది హెన్రీ చెస్‌బ్రో అనే అమెరికా ప్రొఫెసర్, 2003లో. బయటిది లోపలికి తేవడం ఆయన వాదనలో సగమే. లోపల మూలన పడి ఉన్నదాన్ని బయటికి వెళ్లనివ్వడం రెండో సగం. మన మీటింగుల్లో ఈ రెండో సగాన్ని ఎవరూ ఎత్తరు, ఎందుకంటే అది మేనేజర్లకి నచ్చదు. చెస్‌బ్రో తరచి చూసిన కంపెనీ జిరాక్స్. పాలో ఆల్టోలో 1970లో వాళ్లు పెట్టిన ల్యాబులో కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే ఈథర్‌నెట్ పుట్టింది, లేజర్ ప్రింటర్ పుట్టింది, మౌస్‌తో బొమ్మల తెర మీద నడిచే కంప్యూటర్ తయారైంది. లేజర్ ప్రింటర్ మీద జిరాక్స్ బాగానే సంపాదించింది. మిగతావి కాపీ మెషీన్ల వ్యాపారంలో ఇమడలేదు. 1979లో జిరాక్స్ ఆపిల్‌లో షేర్లు కొని, దానికి బదులుగా ఆపిల్ వాళ్లకి ల్యాబు చూపించింది. ఆ ల్యాబు వదిలి వెళ్లిన ఇద్దరు 1982లో అడోబీ పెట్టారు. అలా బయటికి పోయిన 35 ప్రాజెక్టుల వెంట పడి చూశాడు చెస్‌బ్రో. ఎక్కువ భాగం నిలవలేదు. నిలిచిన కొన్నిటి విలువ కలిపితే జిరాక్స్‌నే మించిపోయింది. పెరటి చెట్టు అంటే ఇదీ.

మా టీములో కన్నడ మిత్రుడికి చెబితే ‘హిత్తల గిడ మద్దల్ల’ అన్నాడు వెంటనే. అచ్చం అదే సామెత.

జయనగర్ మాస్టారు:
ఇదీ వెక్కిరింపు సామెతే, కానీ ఇక్కడ వెక్కిరించాల్సిన వాళ్లనే వెక్కిరిస్తోంది. నాకు నచ్చింది.

మారతహళ్లి సభ్యుడు:
సామెతలు బాగానే ఉన్నాయి. ముందు ఆ ‘వెంచర్’ అన్న మాట సంగతి చూడండి. మీ సంచిక ఊళ్లో అమ్మానాన్నలు కూడా చదువుతారు కదా. మా నాన్నగారికి నేను వెంచర్ టీములో చేరానని చెబితే, గజం ఎంత, లేఔట్‌కి అప్రూవల్ ఉందా అని అడిగారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వెంచర్ అంటే ప్లాట్లే. ఈ మాటని రియల్ ఎస్టేట్ వాళ్లు ఎప్పుడో రిజిస్ట్రేషన్ చేయించేసుకున్నారు. ‘సాహస పెట్టుబడి’ అంటే సరిపోదా?

జయనగర్ మాస్టారు:
మాట బాగానే ఉంది. పాత ధర్మశాస్త్రాల్లో ‘సాహసం’ అంటే బలప్రయోగంతో చేసే నేరం, దోపిడీ లాంటిది. ఆ అర్థం ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు కాబట్టి భయం లేదు.

ఎలక్ట్రానిక్ సిటీ సభ్యుడు:
మామూలు వెంచర్ క్యాపిటల్‌కి సరిపోతుందండీ. పది కంపెనీల్లో పెట్టి, తొమ్మిది పోయినా ఒకటి పెరిగితే చాలనుకుంటారు వాళ్లు. కార్పొరేట్ డబ్బు సంగతి వేరు. అది లాభంతో పాటు ఇంకేదో కోరుతుంది. ఇంటెల్ 1991లో తన పెట్టుబడుల విభాగం ఇంటెల్ క్యాపిటల్ పెట్టినప్పటి నుంచీ వాళ్ల ఆలోచన, తమ చిప్‌లకి గిరాకీ పెంచే కంపెనీలని పెంచుదామని. మన దగ్గర ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్ చూడండి. ఐఐటీ మద్రాసులో చదివిన ఇద్దరు 2013లో మొదలుపెట్టారు, ఆఫీసు మన బెంగళూరు, ఫ్యాక్టరీ హోసూరు. 2016లో హీరో మోటోకార్ప్ అందులో డబ్బు పెట్టింది, ఆ తర్వాతా పెడుతూ వచ్చింది. అదే హీరో 2022 అక్టోబరులో సొంతంగా విడా ఎలక్ట్రిక్ స్కూటర్ దించింది. వాటా ఉన్న కంపెనీతోనే రోడ్డు మీద పోటీ. ఇందులో అన్యాయం ఉందని నేననను. హీరోకి ఎలక్ట్రిక్ బళ్ల లోకం అర్థం కావాలి, ఏథర్‌కి డబ్బు కావాలి. 2025 మేలో ఏథర్ స్టాక్ మార్కెట్‌కీ వచ్చింది. అయితే దీన్ని ‘సాహసం’ అనడానికి నాకు నోరు రాదు. ‘అక్కర పెట్టుబడి’ అందామా?

వైట్‌ఫీల్డ్ సభ్యురాలు:
ఇప్పుడు ఏఐలో జరుగుతున్నదంతా అక్కరే కదా. 2019లో మైక్రోసాఫ్ట్, చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐలో 100 కోట్ల డాలర్లు పెట్టింది. ఓపెన్‌ఏఐ తన పనంతా మైక్రోసాఫ్ట్ క్లౌడ్ మీదే, అంటే వాళ్ల అద్దె కంప్యూటర్ల మీదే నడిపింది. ఎన్విడియా కూడా తన చిప్‌లు కొనే కంపెనీల్లో డబ్బు పెడుతోంది. పెట్టుబడిగా బయటికి వెళ్లింది అమ్మకంగా గల్లాపెట్టెలోకి తిరిగొస్తోంది. దీనికి ఒక పదం కావాలి మాస్టారూ, అక్కర చాలదు.

జయనగర్ మాస్టారు:
పదం నేనివ్వగలను గానీ, ఆ లెక్కలు ఎలా తేలతాయో చూశాక ఇస్తాను.

బెళ్లందూరు సభ్యుడు:
అక్కర అన్న మాటలో ఇంకో సుఖం ఉంది. అక్కర తీరితే డబ్బూ ఆగుతుంది. కొత్త సీఈఓ వస్తే చాలు, ముందు కత్తెర పడేది వెంచర్ టీముకే. ఇంటెల్ క్యాపిటల్‌నే వేరే కంపెనీగా విడదీస్తామని 2025 జనవరిలో ప్రకటించారు. కొత్త సీఈఓ వచ్చాక కొద్ది వారాలకే ఆ ఆలోచన మానుకున్నామన్నారు. అందులో పనిచేసేవాళ్ల టెన్షన్ ఊహించుకోండి. దాని డబ్బు తీసుకున్న స్టార్టప్‌ల సంగతి సరేసరి.

హెచ్ఎస్ఆర్ లేఔట్ సభ్యుడు:
స్టార్టప్ నడిపేవాడిగా ఒక మాట. మాకు పెద్ద కంపెనీ పెట్టుబడి కంటే దాని పర్చేజ్ ఆర్డర్ ముఖ్యం. వాటా తీసుకుంటే దాని పోటీ కంపెనీ మా గడప తొక్కదు. ఆర్డర్ ఇస్తే ఆ కాగితం చూపించి ఇంకో నలుగురి దగ్గరికి వెళ్లొచ్చు. 2015లో మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ వాళ్లు స్టార్టప్ గ్యారేజ్ అని పెట్టి, వాటా అడగకుండా, ఇంకా పూర్తిగా పండని స్టార్టప్ సరుకుని కొని వాడి చూడటం మొదలుపెట్టారు. దీన్ని వెంచర్ క్లయింట్ పద్ధతి అంటారు. ఇప్పుడు చాలా కంపెనీలు ఆ దారి పట్టాయి. మళ్లీ అదే ‘వెంచర్’! దీనికైనా మంచి తెలుగు మాట చెప్పండి.

మారతహళ్లి సభ్యుడు:
బోణీ!

జయనగర్ మాస్టారు:
శభాష్. పొద్దున్నే మొదటి బేరం. ఆ ఒక్కటి కుదిరితే మిగతా రోజు నడుస్తుందన్న నమ్మకం కూడా ఆ మాటలోనే ఉంది.

హెచ్ఎస్ఆర్ లేఔట్ సభ్యుడు:
బాగుందండీ, కానీ ‘బోణీ బేరం, తగ్గించి ఇవ్వు’ అనేవాళ్లూ ఉంటారు. పేరు చెప్పను గానీ మాకు అలాంటి ఒక పెద్ద కంపెనీ తగిలింది. ముందు ఉచితంగా పైలట్, అంటే చిన్న ప్రయోగం, చేసి చూపించమన్నారు. చేశాం. తర్వాత సగం ధరకి బేరమాడారు. బిల్లు ఇచ్చాక అకౌంట్స్ వాళ్లు మూడు నెలల తర్వాత చూద్దామన్నారు. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లు 45 రోజులకి మించి ఆపకూడదు. దాటాక ఇస్తే, ఆ ఖర్చుని ఆదాయపు పన్ను లెక్కలో ఇచ్చిన ఏడాదిలోనే చూపించుకోవాలన్న నిబంధన కూడా 2024 ఏప్రిల్ నుంచి వచ్చింది. అది వచ్చాక ఫోన్లకి కొంచెం మర్యాదగా జవాబిస్తున్నారు.

ఎలక్ట్రానిక్ సిటీ సభ్యుడు:
అయితే బోణీ అన్న మాట మరీ సరిపోయింది. బేరాలతో సహా.

బెళ్లందూరు సభ్యుడు:
తీసుకుంటున్నాను. ఒక సందేహం మాస్టారూ. పెద్ద కంపెనీ బోణీ ‘చేసింది’ అనాలా, ‘కొట్టింది’ అనాలా? పేపర్లో క్రికెట్ వార్తల్లో ‘బోణీ కొట్టిన భారత్’ అని చూస్తుంటాను.

జయనగర్ మాస్టారు:
కొనేవాడు బోణీ చేస్తాడు. ‘బోణీ చేయండి సార్’ అని బండివాడు మనల్ని అడిగేది అందుకే. కొట్టేది గెలిచినవాడు, అంటే మీ వ్యాసంలో స్టార్టప్. ఆ రెండూ తారుమారు చేయకండి. డబ్బు అందేదాకా ‘కొట్టింది’ అని రాయకండి కూడా.