టీఎన్ఎఫ్ చికిత్స ఘనత ఫెల్డ్‌మన్, మైనీలకే చెందాలా?

నల్లబల్ల:
శరీర రక్షణ వ్యవస్థే కీళ్ళపై దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు, వాపును రేపే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే చికిత్సను కనుగొన్నందుకు 2003లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారాన్ని లండన్‌లోని కెనడీ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు మార్క్ ఫెల్డ్‌మన్‌కూ, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీకీ కలిపి ఇచ్చారు. నాకు ఇందులో అభ్యంతరం ఉంది. టీఎన్ఎఫ్‌కు విరుగుడు యాంటీబాడీ (దానికి అతుక్కుని పని చేయనివ్వని ప్రోటీన్) ఇస్తే బ్యాక్టీరియా విషప్రభావం నుంచి ఎలుకలు బతుకుతాయని బ్యూట్లర్, సెరామీల బృందం 1985లోనే చూపింది. మనుషులకు పనికొచ్చిన యాంటీబాడీకి మూలం న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో యాన్ విల్చెక్, జున్‌మింగ్ లే చేసిన కృషి. దానిని మందుగా మలచింది సెంటోకార్ సంస్థ. సిద్ధంగా ఉన్న మందును మరో జబ్బుకు వాడి చూసినవారిని ఆవిష్కర్తలని ఎందుకు అనాలి?

సూక్ష్మదర్శిని:
నల్లబల్ల గారూ, 'సిద్ధంగా ఉన్న మందు' అన్న మాట దగ్గరే మన దారులు వేరవుతున్నాయి. ఆ యాంటీబాడీ మీద అప్పట్లో ఆశలు సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒంటినిండా విషమించే స్థితి) చికిత్స కోసం పెట్టుకున్నవి, అక్కడ అవి ఫలించలేదు. కీళ్ళ జబ్బుకు దానిని వాడాలన్న ఆలోచన ఎవరికీ సహజంగా తట్టేది కాదు. ఎందుకంటే వాచిన కీలులో టీఎన్ఎఫ్ లాగే ఒకే పని చేసే సైటోకైన్లు (కణాలు కబురు పంపుకునే ప్రోటీన్లు) ఎన్నో ఉంటాయి, ఒకదానిని ఆపితే మిగిలినవి ఆ పని కానిచ్చేస్తాయన్నది నాటి నిపుణుల సందేహం. అది తేలికగా తీసిపారేయదగ్గ సందేహం కాదు.

దానికి జవాబు ఫెల్డ్‌మన్, మైనీల బృందం చేయగా 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగం. ఏడుగురు రుమటాయిడ్ రోగుల కీలు లోపలి పొర నుంచి తీసిన కణాలను గిన్నెలో పెంచి, వాటికి టీఎన్ఎఫ్ విరుగుడు కలిపితే, ఇంటర్‌ల్యూకిన్-1 అనే మరో వాపు కారకం ఉత్పత్తి కూడా పడిపోయింది. అరుగుదల వల్ల వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్ కణాల్లో అలా జరగలేదు. అంటే టీఎన్ఎఫ్ అనేక కాలువల్లో ఒకటి కాదు, వాటన్నిటికీ నీరు వదిలే తూము. కణాలు ఒకదానికొకటి ఎలా కబురు పంపుకుంటాయన్నది మెల్బోర్న్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ ఫెల్డ్‌మన్ పట్టుకున్న ప్రశ్న. 1983లో బొటాజో అనే శాస్త్రవేత్తతో కలిసి థైరాయిడ్ జబ్బు గురించి రాసిన ప్రతిపాదన కూడా ఆ దారిలోదే. కాబట్టి 1989 నాటి ఫలితం అదృష్టవశాత్తూ దొరికినది కాదని నా అభిప్రాయం.

నల్లబల్ల:
తూము పోలికను ఒప్పుకుంటాను. అయితే మీరు చెప్పిన ఆ వ్యాసంలో మొదటి పేరు ఫియొనులా బ్రెన్నన్‌ది. పురస్కారంలో ఆమె పేరు ఎందుకు లేదు?

కీళ్ళ వైద్యుడు, వరంగల్:
మీరిద్దరూ మీ వాదనలో గిన్నెలోని కణాల దగ్గరే ఆగిపోయారు. 1992లో ఛారింగ్ క్రాస్ ఆసుపత్రిలో ఇతర మందులకు లొంగని ఇరవై మంది రోగులకు ఈ యాంటీబాడీ ఇచ్చే ధైర్యం చేయకపోతే ఆ వ్యాసం గ్రంథాలయంలోనే మిగిలిపోయేది. అందుకు కావలసిన మందును సెంటోకార్ నుంచి ఇప్పించినది ఒకప్పుడు ఫెల్డ్‌మన్ దగ్గరే పరిశోధన చేసిన జేమ్స్ వుడీ కావడం గమనించండి. గురుశిష్య బంధం కంపెనీ గోడలు కూడా దాటుతుందన్నమాట. తర్వాత 1994లో 73 మందిపై జరిగిన పరీక్షలో ఎక్కువ మోతాదు పొందినవారిలో 79 శాతం మందికి నాలుగు వారాలకు గుణం కనిపించగా, ఉత్తుత్తి మందు పొందినవారిలో అది 8 శాతమే. రోగి మంచం పక్కన నిలబడి ఈ పరీక్షలను నడిపించిన మైనీ వాటాను ఫెల్డ్‌మన్ నీడలో పెట్టకూడదు.

ఇంకొక్క మాట. టీఎన్ఎఫ్ మన శరీరంలో క్షయ క్రిములను గోడ కట్టి బంధించే పని కూడా చేస్తుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ (ఈ యాంటీబాడీ మందు పేరు) తీసుకున్నవారిలో 70 క్షయ కేసులను 2001లో వెలువడిన నివేదిక లెక్కించింది. క్షయ ఇంకా ఇంటింటి మాటగా ఉన్న మన దగ్గర ఛాతీ ఎక్స్‌రే, చర్మ పరీక్ష లేదా రక్త పరీక్ష చూడకుండా నేను ఈ ఇంజెక్షన్ రాయను.

నల్లబల్ల:
వైద్యుడు గారూ, మైనీ విషయంలో మీ వాదన నన్ను ఒప్పించింది. రోగులపై పరీక్షకు పురస్కారం దక్కడం సబబే. విల్చెక్ విషయంలోనూ నా ఫిర్యాదు కొంత మెత్తబడింది. రాయల్టీగా వచ్చిన సంపదలోంచి ఆయన 2005లో తన విశ్వవిద్యాలయానికి 10.5 కోట్ల డాలర్లు ఇచ్చారు, అంటే ఆయనకు దక్కవలసిన ప్రతిఫలం మరో దారిలో దక్కింది. బ్రెన్నన్ గురించి నేను అడిగిన ప్రశ్నకు మాత్రం మీ ఇద్దరిలో ఎవరూ జవాబు చెప్పలేదు.