సిస్టమ్ రీస్టోర్ చేశాక డీ డ్రైవ్ ఓపెన్ అవట్లేదు, ఫార్మాట్ చేయమంటోంది

పాతకీబోర్డు:
ల్యాప్‌టాప్ మరీ నత్తనడక నడుస్తోందని రాత్రి రికవరీ నుంచి విండోస్ మళ్ళీ ఎక్కించాను. సీ డ్రైవ్ కొత్తదానిలా ఉంది. డీ మీద క్లిక్ చేస్తే మాత్రం ‘ఫార్మాట్ చేస్తేనే వాడుకోగలరు’ అంటోంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సైజు సరిగ్గానే, 300 జీబీ చూపిస్తోంది, కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్‌లో ఫైళ్ళు సర్దే పద్ధతి) అని ఉండాల్సిన చోట ‘రా’ (ఏ పద్ధతో గుర్తుపట్టలేకపోయినట్టు) అని ఉంది. డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ కొడితే రా డ్రైవ్‌కి పనిచేయనని చేతులెత్తేసింది. ఫోన్ నిండినప్పుడల్లా ఫోటోలన్నీ అందులోకే తోసేవాణ్ణి. బ్యాకప్ లేదు. తిట్టేవాళ్ళు తర్వాత తిట్టండి, ముందు దారి చెప్పండి.

క్లిక్‌రాజా:
క్విక్ ఫార్మాట్ కొట్టెయ్ బ్రో. తర్వాత ఏదో ఒక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగేయొచ్చు.

సెక్టార్‌జీరో:
పై సలహా వినకండి. క్విక్ ఫార్మాట్ కొత్త ఫైల్ టేబుల్‌ని (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే జాబితా) పాతదాని మీదే రాసే ప్రమాదం ఉంది. పొరపాటున ఫుల్ ఫార్మాట్ పడితే విస్టా నుంచి అది డిస్కంతా సున్నాలు నింపేస్తుంది, ఇక లాగడానికేమీ మిగలదు.

ముందు ఒక సంగతి చెప్పండి: డీకి బిట్‌లాకర్ (విండోస్‌లో డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసేది) ఉండేదా? ఉంటే 48 అంకెల రికవరీ కీ వెతుక్కోవాలి, అది వేరే కథ. లేదంటే పాడైన పార్టిషన్లు బాగుచేసే టెస్ట్‌డిస్క్ ప్రోగ్రామ్‌లో అడ్వాన్స్‌డ్, బూట్ దాకా వెళ్ళి ఏముందో చూడండి. చూడండి అంతే, ఏదీ రాయొద్దు.

పాతకీబోర్డు:
బిట్‌లాకర్ ఎప్పుడూ పెట్టలేదండీ. బూట్ సెక్టార్ బ్యాడ్ అని, బ్యాకప్ బూట్ సెక్టార్ ఓకే అని వచ్చింది. డంప్ (సెక్టార్‌లోని బైట్లు ఉన్నవున్నట్టు) చూస్తే మొదటి సెక్టార్‌లో మొదటి వరస నుంచి చివరిదాకా సున్నాలే. గుండె జారిపోయింది.

సెక్టార్‌జీరో:
జారనక్కర్లేదు, ఇది మంచి వార్తే. పోయింది 512 బైట్లు. క్లస్టర్ (ఫైళ్ళకి చోటిచ్చే కనీస ముక్క) ఎంత, ఫైల్ టేబుల్ ఎక్కడ మొదలవుతుంది అని చెప్పేది ఆ సెక్టారే. అది లేకపోయేసరికి విండోస్‌కి మిగతా 300 జీబీ అర్థం కావట్లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ దాని నకలు ఒకటి పార్టిషన్ చివరి సెక్టార్‌లో దాచుకుంటుంది, మీది భద్రంగా ఉంది.

తొందరపడి ఎంటర్ కొట్టకండి. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీరెస్క్యూ ప్రోగ్రామ్‌తో డీ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీయండి. కమాండ్‌లో ముందు సోర్స్, తర్వాత డెస్టినేషన్. అవి తారుమారైతే ఇక నేనూ ఏం చేయలేను. ఇమేజ్ చేతికొచ్చాకే టెస్ట్‌డిస్క్‌లో ‘బ్యాకప్ బీఎస్’ (నకలు బూట్ సెక్టార్‌ని పాడైనదాని మీద రాసేది) ఎంచుకోండి.

క్లిక్‌రాజా:
సారీ బ్రో, నాకు పెన్‌డ్రైవ్‌కి పనిచేసింది కదా అని చెప్పా.

పాతకీబోర్డు:
ఇమేజ్‌కి రాత్రంతా పట్టింది. పొద్దున్నే బ్యాకప్ బీఎస్ కొట్టి, ‘వై’ నొక్కి, రీస్టార్ట్ చేశా. డీ ఓపెన్ అయిందండీ! ఫోల్డర్లు పేర్లతో సహా ఉన్నాయి. ఒక్క 2019 ఫోల్డర్ మాత్రం కరప్ట్ అంటోంది. చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ (తప్పులు సరిచేసే ఆప్షన్) కొట్టనా?

సెక్టార్‌జీరో:
అప్పుడే వద్దు. అది రిపేరు పేరుతో ఉన్న ఆధారాలు చెరిపేయొచ్చు. తెరుచుకున్నవన్నీ ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. 2019 కోసం ఇమేజ్ మీద ఫోటోరెక్ (పోయిన ఫైళ్ళు ఏరి తెచ్చే ప్రోగ్రామ్) నడపండి. ఫోటోలు వస్తాయి, పేర్లు రావు.

పాతకీబోర్డు:
నడుస్తోంది. ఎఫ్ తర్వాత వరసగా అంకెలు, అన్నిటికీ ఇలాంటి పేర్లే. మా పాప మొదటిసారి సైకిలెక్కిన ఫోటో వీటిల్లోనే ఎక్కడో ఉండాలి, ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నా.