అమ్మమ్మ, తాతయ్యల కబుర్లు రికార్డు చేయాలి: ఫోను చాలా, ఇంకేమైనా కొనాలా?

సీతమ్మధార_చిన్నోడు:
అమ్మమ్మకి 88, తాతయ్యకి 91. ఇద్దరికీ జ్ఞాపకం బాగానే ఉంది. తాతయ్యకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు. మాది వైజాగ్. అమ్మమ్మ పుట్టిన ఊరు ఇక్కడి స్టీల్ ప్లాంటు కింద పోయింది, తాతయ్య షిప్‌యార్డులో చేసి రిటైరయ్యారు. దసరాకి పది రోజులు ఇంట్లోనే ఉంటాను, అప్పుడు వీలైనంత రికార్డు చేద్దామని. ఆడియోనా, వీడియోనా? ఇల్లు మెయిన్ రోడ్డు మీద, ఆటోల హారన్లు ఆగవు. ఇంకో చిక్కు, ఏ సంవత్సరం అని అడిగితే "అప్పట్లోనే" అని ఊరుకుంటారు. దాన్నెలా పట్టుకోవాలి?

కాలర్‌మైకు:
ఫోను చాలు. డబ్బు పెట్టాల్సింది మైకు మీద. కాలరుకి తగిలించే వైరు మైకు తీసుకోండి. వైర్‌లెస్‌వి వాడొచ్చు గానీ మాటల మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఎవరూ గమనించరు. 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న మైకయితే పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉండాలి. రెండే ఉంటే అది కెమెరా మైకు. ఫోనుకి పెట్టినా ఫోను తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటుంది, మనకి తెలీదు. అందుకే మొదలుపెట్టే ముందు గోటితో మైకు మీద గీకి, వెనక్కి వేసి వినండి. గీకుడు గట్టిగా వినపడితే సరే.

మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. అమ్మమ్మగారికి పమిట అంచుకి పెట్టకండి, పమిట జారినప్పుడల్లా మైకూ జారుతుంది. గొలుసూ నల్లపూసలూ తగిలితే ఆ గరగర తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ పోదు. భుజం దగ్గర పిన్ను పెట్టుకునే చోటు మంచిది.

హాల్లో వద్దు. రోడ్డుకి దూరంగా, పరుపూ బీరువా దండెం మీద బట్టలూ ఉన్న పడకగది చూడండి. ఖాళీ గోడలుంటే మాట గుయ్యిమంటుంది. కిటికీ మూసి బొంత వేలాడదీస్తే హారన్లు సగానికి సగం తగ్గుతాయి. ఫ్యాను ఆపాల్సిందే, దాని గాలి మైకుకి తగిలి దబదబమంటుంది. మన ఉక్కపోతలో పెద్దవాళ్లని ఫ్యాను లేకుండా గంట కూర్చోబెట్టడం కుదరదు కాబట్టి ఇరవై నిమిషాలు మాట, ఐదు నిమిషాలు ఫ్యాను. ఏసీ ఉంటే దాని హోరు ఫర్వాలేదు, ఒకే తీరుగా ఉంటుంది, తర్వాత తగ్గించుకోవచ్చు.

ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. చాలా ఫోన్లలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది, మళ్లీ దానంతటది మొదలవదు. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో ఫార్మాట్ వేవ్ (WAV), 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో పెట్టండి. గంటకి దాదాపు 345 ఎంబీ అవుతుంది. అంటే ఇరవై గంటలు రికార్డు చేసినా 7 జీబీ లోపే. ఒక్కో ఫైలు 40 నిమిషాలకి మించనివ్వకండి. ఏదైనా ఫైలు పాడైతే అంతవరకే పోతుంది, పైగా వాళ్లకీ అలుపు. ప్రతి ఫైలు మొదట్లో మీ గొంతుతో తేదీ, చోటు, మాట్లాడేవారి పూర్తి పేరు చెప్పండి. ఫైలు పేర్లు ఎన్నిసార్లయినా మారతాయి, లోపల చెప్పిన మాట మారదు.

వీడియో ఒక్క రోజు చాలు. ముఖం, చేతులు, నవ్వు దాంట్లో ఉంటాయి. మిగతాదంతా ఆడియోనే. కెమెరా ఎదురుగా ఉంటే చాలామంది ఇంటర్వ్యూ భాషలోకి వెళ్లిపోతారు.

పాతపోస్టాఫీసు:
సంవత్సరం అడగొద్దు. ఆ పక్కన ఇంకేం జరిగిందో అడగండి. వైజాగ్ వాళ్లకి జ్ఞాపకాలు తగిలించుకోడానికి మేకుల్లాంటి తేదీలకి కొదవ లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడ్డాయి, జనం ఊరొదిలి పల్లెలకి పోయారు. 1948 మార్చి 14న నెహ్రూ షిప్‌యార్డులో కట్టిన జల ఉష ఓడని నీళ్లలోకి వదిలారు. 1957 ఏప్రిల్ 1న అణాల బదులు నయాపైసలొచ్చాయి. 1966లో స్టీల్ ప్లాంటు కోసం ఉక్కు ఉద్యమం, 1971 జనవరి 20న దానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన, అదే ఏడాది డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునక. "అది నయాపైసలకి ముందా, తర్వాతా?" అంటే ఠక్కున చెబుతారు. ఇంట్లోని మేకులు ఇంకా గట్టివి: "అప్పటికి పెద్దమామయ్య పుట్టాడా, కడుపులో ఉన్నాడా?"

జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. "లైట్లు ఆర్పించేసేవారు" అనే మాట 1942దీ కావచ్చు, 1971దీ కావచ్చు, రెండూ కలిసిపోతాయి. పావలా, బేడ (రెండణాలు) అన్నారని 1957కి ముందే అనుకోవద్దు, ఆ మాటలు తర్వాత కూడా బతికాయి. స్కూలు సర్టిఫికెట్టులో పుట్టినరోజుని అసలు నమ్మొద్దు, బడిలో వేసినప్పుడు మాస్టారికి ఏది వీలైతే అది పడేది. జాతకం ఉంటే దాంట్లో తిథి, నక్షత్రం, తెలుగు సంవత్సరం ఉంటాయి. చిత్రభాను అంటే 1942-43. ఏడాది ఉగాదికి మారుతుంది కాబట్టి చిత్రభాను మాఘం అంటే ఇంగ్లిషు లెక్కన 1943కి వస్తుంది. ఇక్కడ తప్పు చేసేవాళ్లే ఎక్కువ.

పాత కాగితాల్లో "విశాఖపట్నం జిల్లా" అని ఉంటే ఊరు ఇటే ఎక్కడో అనుకోకండి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో విడిగా జిల్లాలయ్యాయి.

అమ్మమ్మగారి ఊరి గురించి: ఇప్పుడు వెళ్లి చూపించడానికి ఆ ఊరు లేదు కాబట్టి ముందు దాన్ని గీయించండి. పెద్ద చార్టు కాగితం, పెన్సిలు. కోవెల దగ్గర మొదలుపెట్టి చెరువు, నుయ్యి, వీధి, ఎవరి ఇంటి పక్కన ఎవరిల్లు. గీస్తున్నంతసేపూ రికార్డు ఆన్‌లో ఉండాలి. వేలు పెట్టి "ఇక్కడ" అంటే ఆడియోలో ఏమీ ఉండదు, వెంటనే మీరు "చెరువుకి తూరుపునా?" అని అందించాలి. ఆర్ కార్డు (స్టీల్ ప్లాంటు నిర్వాసితులకి ఇచ్చిన కార్డు), భూసేకరణ నోటీసు ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి, సర్వే నంబర్లు వాటిలో దొరుకుతాయి.

"చిన్నప్పుడు ఎలా ఉండేది?" అనకండి, "బాగుండేది" అంటారు, అయిపోయింది. పొయ్యి ఏ మూల ఉండేది, ధాన్యం ఎక్కడ దాచేవారు, కుంచానికి ఎన్ని అడ్డలు? తాతయ్యగారినైతే మొదటి రోజు ఏ గేటులోంచి లోపలికెళ్లారు, చేతికి ఏ పనిముట్టు ఇచ్చారు అని. కుడి చెవి వైపు కూర్చోండి. ఆగిపోతే మనసులో పది లెక్కపెట్టండి, అసలు సంగతి చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది. "ఆఁ, ఊఁ" అనకుండా తలూపండి చాలు. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టొద్దు, ఒకరి మాట ఇంకొకరు దిద్దుతూ పోతారు.

ఏటీ_సంగతి:
పై రెండింటికీ ఒక చేర్పు. మొత్తం టైపు చేద్దామని మొదలుపెట్టకండి. గంట మాటలకి నాలుగు నుంచి ఆరు గంటల టైపింగ్ పడుతుంది, మూడో ఫైలుకే వదిలేస్తారు. బదులుగా సూచిక రాయండి: మూడేసి నిమిషాలకి ఒక లైను, నిమిషం, విషయం, మనుషులు, ఊళ్లు. గంట మాటలకి ఇరవై లైన్లు. మంచి ముక్కలు మాత్రమే పూర్తిగా రాయండి.

వాయిస్ టైపింగ్ మన యాసని అర్థం చేసుకోదు. "బేగి" (త్వరగా), "గుంటడు" (కుర్రాడు), "ఏటి" (ఏమిటి) లాంటివి దానికి తోచిన ఇంకేవో మాటలుగా పడతాయి. వాటిని చేత్తో దిద్దండి, పుస్తకాల తెలుగులోకి మాత్రం మార్చకండి.

ఇంకా ముఖ్యమైనది పేర్లు. మాటల్లో అందరూ వదిన, చినబాబు, పెద్దమ్మే. అమ్మమ్మ "వదిన" మీ పిల్లలకి ఎవరో తెలియాలంటే ప్రతి మనిషికీ ఇంటిపేరు, అసలు పేరు, ఆడవాళ్లకైతే పుట్టినూరు కూడా ఆ రోజే అడిగి సూచికలో రాయాలి. తర్వాత అడగొచ్చులే అన్నవే మిగిలిపోతాయి.

సీతమ్మధార_చిన్నోడు:
అందరికీ థాంక్సండీ. మైకు ఇవాళే చూస్తాను. భూమి తగాదాల గురించి అమ్మమ్మ చెప్పి, వెంటనే "ఇది ఎవరికీ చెప్పకు" అంటుంది. దాన్నేం చేయాలి? ఫైళ్లు ఎక్కడ దాచాలి?

కాలర్‌మైకు:
దాచడం ముందు చెబుతాను. పెన్‌డ్రైవులో పెట్టి బీరువాలో పడేస్తే ఏళ్ల తరబడి ఉంటుందని నమ్మకం లేదు, మన సముద్రపు గాలికి పిన్నులు తుప్పు పడతాయి కూడా. రెండు హార్డ్ డిస్కులు, ఒక క్లౌడ్ కాపీ. రెండో డిస్కు ఊళ్లో కాకుండా వేరే ఊళ్లో చుట్టాలింట్లో ఉండాలి. 2014 హుద్‌హుద్ తుఫాను లాంటిది వస్తే ఒకే ఊళ్లో ఉన్న రెండు కాపీలూ ఒకటే. ఏడాదికోసారి, ఉగాదికి అనుకోండి, రెండూ తెరిచి ఏవో రెండు ఫైళ్లు విని చూడండి. ఐదేళ్లకోసారి కొత్త డిస్కుకి ఎక్కించండి. చుట్టాలకి వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగానే పంపండి, అయినా దాన్ని కాపీ కింద లెక్కెయ్యకండి.

పాతపోస్టాఫీసు:
"చెప్పకు" అన్న చోట రికార్డు ఆపకండి, ఆవిడ ఆపమంటే మాత్రం వెంటనే ఆపండి. నిమిషం రాసుకుని, ఆ రోజు కూర్చోవడం అయ్యాక ఆవిడకే వినిపించి అడగండి: చెరిపేయాలా, తన తర్వాత వినొచ్చా, ఫలానావాళ్లు ఉన్నంతకాలం వద్దా? ఆ జవాబు కూడా రికార్డు చేయండి. చెరపమంటే అన్ని కాపీల్లోనూ చెరపండి. ఉంచమంటే చుట్టాలకిచ్చే కాపీలో ఆ ముక్క కోసేసి, అసలు ఫైలు ఆ షరతుతో సహా వేరే ఫోల్డరులో పెట్టండి. సూచికలో ఆ లైను దగ్గర "ఇక్కడ 4 నిమిషాలు తీసేశాం" అని రాయండి చాలు, విషయం రాయకండి.