ఏడేళ్ల కారుకి సిరామిక్ కోటింగా? ఉప్పుగాలి ఊళ్లలో పనికొస్తుందా, డబ్బు దండగా?

నరసాపురం నాని:
నాది 2018 మోడల్ ఎర్ర స్విఫ్ట్. ఇల్లు నరసాపురం దాటాక మొగల్తూరు వైపు. షెడ్డు లేదు, కొబ్బరిచెట్ల కిందే పెడతాను. బానెట్, టాప్ మెరుపు పోయాయి. ఎండలో చూస్తే గుండ్రంగా సన్న గీతలు, మధ్యలో ఎంత కడిగినా పోని తెల్లటి నీటి మచ్చలు. డీటెయిలింగ్ షాపుకి తీసుకెళ్తే రబ్బింగ్, పాలిషింగ్, సిరామిక్ అన్నీ కలిపి 22 వేలు చెప్పారు. ఐదేళ్ల వారంటీ అట, ఉప్పుగాలికి తుప్పు కూడా పట్టదట. మా బావగారేమో టెఫ్లాన్ కొట్టించెయ్, మూడు వేలలో పోతుంది అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాలకొల్లు పెయింటర్:
తుప్పు పట్టదు అన్నారా? ఆ ఒక్క మాటతోనే ఆ షాపు సంగతి తెలిసిపోయిందండి. సిరామిక్ అంటే ద్రవంగా పూస్తే ఆరి గట్టిపడే పల్చటి పొర, వేసేది రంగు పైన మెరిసే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్ మీద. మందం ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన వైపు కార్లకి తుప్పు మొదలయ్యేది అక్కడ కాదు. డోర్ కింది అంచు లోపల, చక్రాల పైనుండే మడతల్లో, డోర్ల కింద పొడుగ్గా ఉండే సిల్‌లో, సైలెన్సర్ క్లాంపుల దగ్గర. డోర్ కింద నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. బురదతో అవి పూడుకుపోతే ఉప్పునీరు లోపలే నిలబడి రేకుని తినేస్తుంది. బానెట్ మీద ఏం పూసినా ఆ రేకుకి ఒరిగేదేమీ లేదు. ఆ 22 వేలలో కొంత తీసి ముందు లిఫ్ట్ ఎక్కించి అడుగు భాగం కడిగించండి. పూర్తిగా ఆరాక అండర్‌బాడీ కోటింగ్ వేయించండి. ఆరకుండా వేస్తే మాత్రం తడిని లోపల పెట్టి మూసినట్టే.

కాకినాడ కోటింగ్:
ముందే చెప్తున్నా, ఈ పని మీదే బతికేవాణ్ని, నా మాట ఆ లెక్కలోనే తీసుకోండి. తుప్పు విషయంలో పెయింటర్‌గారు చెప్పింది వంద శాతం నిజం. అంతమాత్రాన సిరామిక్ దండగ అనెయ్యడం అన్యాయం. కోటింగ్ ఉన్న కారు మీద నీళ్లు నిలవకుండా జారిపోతాయి, బురద గట్టిగా అంటుకోదు. కాకిరెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండలో వదిలేస్తే క్లియర్ కోట్ మీద గుంట పడుతుంది. కోటింగ్ ఉంటే తుడవడానికి కాస్త టైమ్ దొరుకుతుంది. ఉప్పు పొర కూడా మామూలు నీళ్ల ధారకే చాలావరకు వదిలిపోతుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇది చిన్న లాభం కాదు.

మా వాళ్లు చెప్పే అబద్ధాలు కూడా నేనే చెప్తా. డబ్బా మీద 9హెచ్ అని ఉంటుంది. అది పెన్సిల్ ములికితో గీసి చూసే కొలత, రాయి పడినా గీత పడదని కాదు. ఐదేళ్ల వారంటీ కాగితం వెనక్కి తిప్పి చదవండి. ఏటా వాళ్ల దగ్గరికే వెళ్లి డబ్బు కట్టి సర్వీసింగ్ చేయించుకోకపోతే చెల్లదని ఉంటుంది. ఇక టెఫ్లాన్. అది పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్, కరగాలంటే 327 డిగ్రీలు కావాలి. పెనానికి పట్టించేటప్పుడు ఆ వేడిలో కాలుస్తారు. బానెట్‌ని అంత వేడి చేస్తే అసలు పెయింటే మిగలదు. మూడు వేలకి వచ్చేది మంచి పాలిష్, దానిమీద ఒక టెఫ్లాన్ స్టిక్కర్.

ఉండి రొయ్యలు:
అందరూ పైన ఏం పూయాలా అనే మాట్లాడుతున్నారు. కడిగే నీళ్ల సంగతి అడగరే? మా చెరువుల దగ్గర బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు తెలుస్తుంది. దాంతో కడిగి ఎండలో వదిలేస్తే నీళ్లు ఆవిరై ఉప్పు, సున్నం రేకు మీద మిగులుతాయి. నానిగారి తెల్ల మచ్చలు అవే. కోటింగ్ చేయించిన మా బావమరిది కారు మీదా పడ్డాయి. నీళ్లు ముత్యాల్లా నిలిచినచోటల్లా ఒక చుక్క. అప్పుడేం చెప్తారు?

కాకినాడ కోటింగ్:
చెప్పేదేముంది, నిజమే. కోటింగ్ ఉన్నా తుడిచి ఆరబెట్టాల్సిందే. బోరు నీళ్లు తప్ప గతి లేకపోతే కడగడం తెల్లారి నీడలో, ఆఖరి రెండు బకెట్లు మాత్రం మంచినీళ్లు.

ఉండి రొయ్యలు:
మంచినీళ్లంటే కాలువ నీళ్లే కదా. అవి బోరు కంటే ఎంతో మేలు, కానీ ఒండ్రు ఉంటుంది. డ్రమ్ములో పట్టి రాత్రంతా వదిలి పైన తేరిన నీళ్లు మాత్రమే వాడాలి. వేసవిలో కాలువలు కట్టేశాక అదీ లేదు. వానాకాలం డాబా మీద నీళ్లు పట్టుకుంటే అంతకంటే మంచివి దొరకవు.

మండపేట మిల్లు వీధి:
మా బాధ వేరు. మిల్లుల బూడిద. ఊక కాల్చిన బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. పొద్దున్నే డ్రైవరు పసుపు గుడ్డ తీసుకుని పొడిగా తుడిచేస్తాడు, గీతలు పడకేం చేస్తాయి. సిరామిక్ వేయించినా ఆ గుడ్డ మానకపోతే అదే కథ. ముందు నీళ్ల ధారతో బూడిద కొట్టేయాలి, తర్వాత రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి, అదీ మైక్రోఫైబర్ గుడ్డ. కవరు కప్పుతాం అంటారా, దుమ్ము మీద కప్పితే గాలికి అదీ రుద్దుతుంది.

పాలకొల్లు పెయింటర్:
ఇప్పుడు నా అసలు భయం చెప్తా. నానిగారి కారు పెయింటు పాడయ్యేది ఉప్పుతో కాదు, రబ్బింగ్‌తో. కంపెనీ పెయింటు మొత్తం కలిపి సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ 40, 50. వెంట్రుక మందం కంటే తక్కువ. గీతలు పూర్తిగా పోవాలని రోటరీ మెషిన్‌కి ఉలెన్ ప్యాడ్ తగిలించి కటింగ్ కాంపౌండ్‌తో లాగిస్తే కొన్ని మైక్రాన్లు ఎగిరిపోతాయి, అవి మళ్లీ పుట్టవు. క్లియర్ కోటే ఎండని ఆపేది. పల్చబడితే ఎరుపు వెలుస్తుంది. ఆ తర్వాత పొరలు పొరలుగా లేస్తుంది. లేచాక ఏ పాలిషూ అతికించలేదు, ఆ ప్యానెల్‌కి మళ్లీ పెయింటే. ఏడేళ్లలో ఇంతకుముందు ఎవరు ఎన్నిసార్లు రబ్బింగ్ చేశారో షాపువాడికేం తెలుసు? అంచుల దగ్గర మరీ పల్చగా ఉంటుంది, అక్కడే మెషిన్ కొరికేస్తుంది.

అమలాపురం ఇన్నోవా:
ఇవన్నీ ఎందుకండీ, పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, పెయింటు మీద అతికించే పారదర్శక షీటు) వేయించెయ్యండి. 150 మైక్రాన్ల పైన ఉండే పాలీయురెథేన్ షీటు. 216 హైవేలో లారీ చిమ్మే రాళ్లని అదొక్కటే ఆపుతుంది. సన్న గీతలు ఎండ వేడికి వాటంతటవే పూడుకుంటాయి.

పాలకొల్లు పెయింటర్:
ఏడేళ్ల స్విఫ్ట్‌కి పీపీఎఫా! కారు అమ్మితే వచ్చే డబ్బులో సగం ఆ షీటుకే పోతుంది. పైగా పెయింటు లేచిపోతున్న చోట షీటు వేస్తే తీసేటప్పుడు పెయింటూ దాంతోనే వస్తుంది. కొత్త బండికి, ముందు బంపర్, బానెట్ వరకు అంటే ఒప్పుకుంటా.

అమలాపురం ఇన్నోవా:
సరే, నాది కొత్త బండి కాబట్టి అలా అన్నాను. కానీ నానిగారూ, కొబ్బరిచెట్టు కింద బండి పెట్టి పెయింటు గురించి టెన్షన్ పడేవాణ్ని మిమ్మల్నే చూస్తున్నా. కాయ పడితే సిరామిక్ ఆపదు, పీపీఎఫ్ కూడా ఆపదు.

నరసాపురం నాని:
కొబ్బరికాయల దింపు సమయానికి చేయిస్తానండీ, అయినా రేకుల షెడ్డుకి ఎస్టిమేట్ అడిగాను. తుప్పు మాట, టెఫ్లాన్ మాట తేలిపోయాయి. అడుగు భాగం ముందు చేయిస్తాను. పైన మాత్రం ఇంకా డౌటే. మచ్చలకి ఇంట్లో ఏమైనా చేయొచ్చా? షాపుకే వెళ్తే ఈ వానల్లో సిరామిక్ వేయించవచ్చా?

కాకినాడ కోటింగ్:
మచ్చలకి వైట్ వెనిగర్, సగం నీళ్లు కలపండి. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, గుడ్డ తడిపి ఒక నిమిషం ఆనించి వెంటనే నీళ్లతో కడిగేయండి. సున్నం మచ్చయితే పోతుంది. పోలేదంటే క్లియర్ కోట్‌లోకి దిగిందని, దానికి మెషినే. చేత్తో తడిమితే గరుకుగా ఉంటే క్లే బార్‌తో (రేకు మీద రుద్ది అంటుకున్న మురికి లాగే మెత్తటి మట్టి ముద్ద) తీయించాలి. వానల్లో వేయొచ్చు, తలుపులు మూసిన గది ఉంటేనే. వేశాక ఒక రోజు చుక్క నీరు తగలకూడదు, వారం షాంపూ వద్దు. రోడ్డు పక్కన పందిట్లో వేసేవాడైతే ఆగండి. డబ్బు కుదరకపోతే తేలికపాటి పాలిష్ కొట్టించి, సీలెంట్ (పెయింటు మీద చేత్తో రాసే రక్షణ పూత) డబ్బా కొనుక్కుని కొన్ని నెలలకోసారి మీరే రాసుకోండి. నా వ్యాపారానికి నష్టమే, అయినా మీ కారుకి నేను చెప్పేది ఇదే. వారం వారం కడిగే ఓపిక లేనివాళ్లకి మాత్రం ఇప్పటికీ సిరామికే చెప్తా.

పాలకొల్లు పెయింటర్:
ఓపిక లేనివాడికి సిరామిక్ చెప్పడం నేను ఒప్పుకోను, ఆ మాట మీద ఇంకోసారి తేల్చుకుందాం. నానిగారూ, ఎక్కడికి వెళ్లినా మెషిన్ పెట్టకముందు పెయింట్ మీటర్‌తో ప్రతి ప్యానెల్ కొలిచి రీడింగ్ కాగితం మీద రాసి ఇమ్మనండి. ఒక్క ప్యానెల్ 200 మైక్రాన్లు దాటితే అది ఎప్పుడో మళ్లీ పెయింటు పడినదని అనుకోవచ్చు. మిగతావాటికంటే బాగా తక్కువ చూపించినచోట రబ్బింగ్ వద్దని చెప్పండి. మీటర్ లేదంటే బండి వెనక్కి తెచ్చేయండి.