2020 టాప్ ఆల్బమ్స్: అల వైకుంఠపురములో అసలు ఈ ఏడాది లెక్కలోకి వస్తుందా?

క్యాసెట్_శీను:
ప్రతి డిసెంబర్‌లాగే ఈ 2020లోనూ నా లిస్టు పెడుతున్నా. రూల్ ముందే చెప్తున్నా, సినిమా 2020లోనే రిలీజ్ అయ్యుండాలి, ఒకటి రెండు సింగిల్స్ వదిలి సినిమా ఆగిపోయినవి లెక్కలోకి రావు, కాబట్టి ఉప్పెన, వకీల్ సాబ్, 30 రోజుల్లో ప్రేమించడం ఎలా అంటూ ఎవరూ మొదలుపెట్టొద్దు. ఒకటి అల వైకుంఠపురములో, దాని మీద చర్చ కూడా లేదు. రెండు సరిలేరు నీకెవ్వరు, మూడు భీష్మ, నాలుగు జాను, ఐదు డిస్కో రాజా. ఐదోది బాలు గారు పాడిన "నువ్వు నాతో ఏమన్నావో" కోసమే. మీవి కూడా పెట్టండి.

హెడ్‌ఫోన్స్_పిల్ల:
శీను గారూ చర్చ ఉంది. అందులో సామజవరగమన 2019 సెప్టెంబర్‌లో వచ్చింది, రాములో రాములా అక్టోబర్, బుట్టబొమ్మ డిసెంబర్ 24. అంటే సినిమా రాకముందే, 2019లోనే, సగం ఆల్బమ్ మనకి బట్టీ వచ్చేసింది. అది 2020 ఆల్బమ్ ఎలా అవుతుంది? అదే మార్చిలో వచ్చి ఏడాదంతా మోగిన ఉప్పెన పాట "నీ కన్ను నీలి సముద్రం" మాత్రం మీకు 2020 కాదు. ఇదేం లెక్కండీ.

సైలెంట్_రీడర్:
సింగర్ సిద్ శ్రీరామ్ తెలుగు ఉచ్చారణ గురించి ఎవరూ మాట్లాడరేం

క్యాసెట్_శీను:
అమ్మా, ఆల్బమ్ అంటే మొత్తం. అల వైకుంఠపురములోని సిత్తరాల సిరపడు పాట సినిమా రాకముందు ఎవరైనా విన్నారా? దాచిపెట్టి హాల్లోనే వినిపించారు. అంటే ఆల్బమ్ పూర్తయింది జనవరి 12, 2020న. లెక్క క్లియర్. ఉప్పెన ఇంకా పూర్తే కాలేదు, రేపు మిగతా పాటలు ఎలా ఉంటాయో నీకు తెలుసా నాకు తెలుసా. మా రోజుల్లో క్యాసెట్ కొంటే ఏ సైడ్ బీ సైడ్ రెండూ తిప్పి విన్నాకే మాట్లాడేవాళ్ళం, మీలాగా నలభై సెకన్ల టిక్‌టాక్ విని కాదు.

హెడ్‌ఫోన్స్_పిల్ల:
టిక్‌టాక్ జూన్‌లోనే బ్యాన్ చేశారు సార్, కొత్తది వెతుక్కోండి తిట్టడానికి. అయినా బుట్టబొమ్మని ఏప్రిల్‌లో మళ్ళీ లేపింది ఆ టిక్‌టాకే, క్రికెటర్ డేవిడ్ వార్నర్ పెళ్ళాంతో కలిసి స్టెప్పేసింది అందులోనే కదా.

గోదారోడు:
వార్నర్ మావోడే 😂

హెడ్‌ఫోన్స్_పిల్ల:
ఇంకో మాట. జాను 2018లో వచ్చిన తమిళ 96కి రీమేక్, సంగీతం కూడా అదే గోవింద్ వసంత. అది మీ రూల్లో ఎలా దూరింది?

క్యాసెట్_శీను:
తెలుగులో 2020. నెక్స్ట్.

కీబోర్డ్_మాస్టారు:
నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను కాబట్టి నా లెక్క వేరు. ఏది ఎన్నిసార్లు అడిగారన్నదే మాకు టాప్. ఫిబ్రవరిలో పెళ్ళిళ్ళలో బుట్టబొమ్మ ఒకే రాత్రి మళ్ళీ మళ్ళీ వాయించాల్సి వచ్చేది, పెళ్ళికొడుకు ఫ్రెండ్స్ ఒకసారి, ఆడపడుచులు ఒకసారి, చివర్లో మందు పడ్డాక బాబాయిలు. మార్చిలో లాక్‌డౌన్ తర్వాత ఏమడిగారో నాకు తెలీదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. వేసవి బుకింగులన్నీ పోయాయి, ఒక ఫంక్షన్ హాల్ ఓనరైతే ముందు చేసిన ప్రోగ్రాం డబ్బులు కూడా ఇప్పటిదాకా ఇవ్వలేదు, ఫోన్ ఎత్తడు. మా ప్యాడ్స్ కుర్రాడు ఇప్పుడు కూరగాయల ఆటో తోలుతున్నాడు. మీరు టాప్ ఫైవ్ అంటుంటే నవ్వొస్తోంది.

గోదారోడు:
అయ్యో మాస్టారూ

కళింగ_కుర్రోడు:
నానొకటడగాల. సిత్తరాల సిరపడు గురించి శీను గారు అంత గొప్పగా సెప్పారు, మా సిక్కోలు (శ్రీకాకుళం) యాస అందులో అంత బాగుంది కదా, మరి పలాస 1978 ఏటయ్యింది? మార్చి 6న వచ్చింది. మీ రూల్ ప్రకారమే, హాల్లోనే. రఘు కుంచె సంగీతం. నాది నక్కిలీసు గొలుసు మా ఊళ్ళ పాట, మా అమ్మమ్మలు పాడుకున్న పాట. పెద్ద హీరో సినిమాలో అయితే జానపదం, సిన్న సినిమాలో అయితే ఎవుడికీ కనపడదా?

క్యాసెట్_శీను:
తమ్ముడూ దీంట్లోకి ప్రాంతం తీసుకురాకు. ఆ సినిమా మా ఊళ్ళో వెయ్యలేదు. వినంది ఎలా పెడతా.

కళింగ_కుర్రోడు:
ఇనలేదా? అందులో ఓ సొగసరి బాలు గారు పాడారు బావూ. పక్కన పాడింది వడిశలేరు బేబి. సెప్టెంబర్ 25న ఆయన పోతే అందరూ డీపీలు మార్చీసారు, స్టేటస్‌లు పెట్టీసారు, అదే ఏడాది ఆయన పాడిన పాట మాత్రం ఇనలేదంట. డిస్కో రాజాలో పాడితే ఐదో నంబరు, పలాసలో పాడితే ఊళ్ళో ఎయ్యలేదు!

సైలెంట్_రీడర్:
నీలి నీలి ఆకాశం, మగువా మగువా, సామజవరగమన అన్నీ సిద్ శ్రీరామే. నా పాయింట్ ఎవరూ పట్టించుకోవట్లేదు

క్యాసెట్_శీను:
బాలు గారి పేరెత్తి నన్ను దోషిని చెయ్యకు. ఆయన పోయిన రోజు నేను అన్నం తినలేదు.

హెడ్‌ఫోన్స్_పిల్ల:
ఆగండాగండి ఇప్పుడు చూశా. శీను గారి లిస్టులో ఐదు సినిమాలూ రిలీజ్ డేట్లు వేసి చూడండి. జనవరి 11, 12, 24, ఫిబ్రవరి 7, భీష్మ ఫిబ్రవరి 21. అక్కడితో ఆయన ఏడాది అయిపోయింది! ఉమామహేశ్వర ఉగ్రరూపస్య లేదు, కలర్ ఫోటో లేదు, మిడిల్ క్లాస్ మెలోడీస్ లేదు, ఇవన్నీ పూర్తి ఆల్బమ్‌లే, 2020లోనే పూర్తయినవే. కలర్ ఫోటోలో కాలభైరవ పాట తరగతి గది నేను అక్టోబర్ నుంచి రోజూ వింటున్నా, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, చెవుల్లో అదే పాట, నా ఏడాదిని లాగింది అదే. ఉమామహేశ్వరలో విజయ్ ఏసుదాస్ పాడిన నింగి చుట్టే వింటే అరకు చూసొచ్చినట్టుంటుంది. మీ రూల్ ఆల్బమ్ గురించి కాదు సార్, ఓటీటీలో వస్తే సినిమా కాదు, హీరో పెద్దోడు కాకపోతే పాట కాదు, అది చెప్పండి సూటిగా.

క్యాసెట్_శీను:
సూటిగానే చెప్తా విను. హాల్లో విననిది నాకు పాటలా ఎక్కదు. రాములో రాములాకి స్క్రీన్ ముందుకెళ్ళి కాగితాలు ఎగరేశా ఈ వయసులో, పక్కనోడెవడో తెలీదు, వాడి భుజం మీద చెయ్యేసి ఎగిరా. ఫోన్లో తరగతి గది నేనూ విన్నా, బాగుంది, కాదన్లేదు. బాగుండటం వేరు, గుర్తుండటం వేరు. మార్చి తర్వాత నాకు సంవత్సరమే లేదు. మీకు హెడ్‌ఫోన్స్ చాలు, నాకు చాలవు. దీనికి హీరోని లాగుతావేంటి, నేనే హీరో ఫ్యానూ కాదు.

కీబోర్డ్_మాస్టారు:
ఈ మాట మొదట్లోనే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదు. పాట నలుగురి మధ్య మోగాలి అంటారు మీరు, నేనూ అదే అంటా, దాని మీదే తింటున్నా కాబట్టి. ఆ అమ్మాయి ఒక్కతే విన్నా పాట పాటే అంటోంది. సెప్టెంబర్, డిసెంబర్ తేదీల గోల ఎందుకు మధ్యలో.

హెడ్‌ఫోన్స్_పిల్ల:
తేదీల గోల మొదలెట్టింది ఆయన రూలే మాస్టారూ. అలా అయితే పోస్టు పేరు మార్చమనండి, "నేను హాల్లో విన్నవి" అని. ఏడాది ఆల్బమ్స్ అని పెడితే ఒప్పుకోను. హాల్ దాకా వెళ్ళే వీలు అందరికీ ఉండదు, మా ఊళ్ళో రెండో ఆటకి ఆడపిల్లలు వెళ్ళి ఎగిరితే ఏమంటారో మీకు తెలుసు. నాకు మొదట్నుంచీ హెడ్‌ఫోన్సే.

కళింగ_కుర్రోడు:
సరే హాలే అనుకుందాం. పలాస వచ్చి రెండు వారాలు తిరక్కుండా హాళ్ళు మూసీసారు. ఎగరడానికి ఎక్కడ టైముంది? కాగితాలు ఎగరేద్దామన్నా తాళాలేసున్నాయి.

గోదారోడు:
పాయింటే 👆

క్యాసెట్_శీను:
అది నా తప్పా? ఐదోది తీసి పలాస పెట్టను. ఆరోదిగా కావాలంటే పెడతా, ఈ రాత్రి మొత్తం విన్నాక.

కళింగ_కుర్రోడు:
ఆరోది అక్కర్నేదు, ముష్టి ఎయ్యకు. ఒకటో నంబరు కింద మాత్రం సిత్తరాల సిరపడు రాసింది బల్లా విజయ్ కుమార్, పాడింది సూరన్న, సాకేత్ అని రాయి. ఇంతసేపూ ఆ పాట గురించి నువ్వు మూడు లైన్లు రాసావు, ఒక్క పేరూ లేదు.

క్యాసెట్_శీను:
ఎడిట్ చేశా. చూస్కో.

హెడ్‌ఫోన్స్_పిల్ల:
తరగతి గది రాసింది కిట్టు విస్సాప్రగడ అని కూడా రాయండి. ఓ, అది లిస్టులోనే లేదు కదా.